మూడో స్తంభం పక్క స్టూలు

నూట ముప్పై ఆరు. టక్. నూట ముప్పై ఏడు. టక్.

కర్రకు బిగించిన చిన్న చక్రం, నేల మీద దొర్లుతూ మీటరుకొక్కసారి టక్కుమంటుంది. దాన్ని తోసుకుంటూ బంగారయ్య సింగపూరులోని సెంబవాంగ్ మార్కెట్టు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నాడు. లోపల దేవుడు లేడు. చేపలూ కోళ్ళూ ఆకుకూరలూ, వాటి వెనక ముప్పై రెండు తిండి దుకాణాలూ ఉన్నాయి. అయినా అతని నడకలో భక్తి ఉంది. వాన వెలిసి గంటైంది. రేకుల చూరు అంచున చుక్కలు, పడదామా వద్దా అన్నట్టు వేలాడుతున్నాయి. ఉదయం ఎనిమిదిన్నరకే గాలి ముద్దగా ఉంది. లోపలి ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు ఎవరో దూరాన పుస్తకం పేజీలు తిప్పుతున్నట్టు వినిపిస్తోంది.

అరవై రెండేళ్ళ బంగారయ్య గొడుగులాంటి మనిషి. సన్నం, నలుపు, మెడ దగ్గర పిడిలాగా చిన్న వంపు. ఎండకూ వానకూ పనికొస్తాడు. పని అయ్యాక మూలన నిలబెడతారు. బస్సులో మరిచిపోయినా ఎవరూ వెనక్కి పరుగెత్తుకుని రారు. జేబులో మూడు పెన్నులు, మెడలో ఆఫీసు కార్డు, కాళ్ళకు రెండుసార్లు సోలు మార్పించిన గోధుమరంగు బూట్లు.

అతని ఉద్యోగానికి పెద్ద పేరుంది గాని చెప్పుకుంటే చిన్నదే. నగరంలో ఏ పేట రూపు మార్చాలన్నా, అక్కడ జనం గుమిగూడే కట్టడాలకు ప్రమాదం ఏ వైపు నుంచి రావచ్చో ముందు లెక్క కట్టిస్తారు. లారీ స్తంభానికి ఎంత దగ్గరగా రాగలదు? ఏ తలుపుకి నూనె డబ్బా అడ్డం పెట్టి తెరిచి ఉంచుతున్నారు? ఏ మెట్ల మీద దీపం వెలగదు? కాపలావాడు ఏ వేళకు ఏ కుర్చీలో కునుకు తీస్తాడు? ఆ లెక్కలు కట్టే ఒక చిన్న కన్సల్టెన్సీలో బంగారయ్య నడిచేవాడు. నిజంగానే నడవడమే అతని పని. నడిచి, చూసి, రాయడం. దీన్ని అర్బన్ ప్లానింగ్ అంటారని తెలిసిన రోజున అతను, "ఓహో, అర బన్ ప్లానింగా? మొత్తం బన్ను పైనున్నోళ్ళది, మనకి అర బన్నన్నమాట" అన్నాడు. ఆఫీసులో నవ్వింది అతనొక్కడే.

పదకొండేళ్ళలో మూడువందల పన్నెండు కట్టడాలు నడిచాడు. ఒక్కచోట కూడా ఏమీ జరగలేదు. జరగకపోవడమే అతని పంట. పేలని సంచికీ, కూలని గోడకీ, తొక్కిసలాట జరగని మెట్లకీ ఎవరూ దండలు వెయ్యరు. పగలంతా రిస్కు, సాయంత్రం బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో టీలో ముంచిన రస్కు. రెండూ నెమ్మదిగా నానితేనే మెత్తబడతాయని అతని సిద్ధాంతం.

వాళ్ళ నాన్న భద్రయ్య శ్రీకాకుళం దగ్గర నుంచి ఓడెక్కి వచ్చి, ఇదే సెంబవాంగ్‌లో తెల్లదొరల నౌకాస్థావరం గేటు దగ్గర నిలబడ్డాడు. మలయ్‌లో కాపలావాణ్ణి జాగా అంటారు. తెలుగులో జాగా అంటే చోటు. భద్రయ్య కొడుక్కి రెండూ అంటగట్టి పోయాడు: ఏదో ఒక చోటు, దానికి కాపలా. దొరలు వెళ్ళిపోయాక బంగారయ్య ఓడల మరమ్మత్తు యార్డు దగ్గర నిలబడ్డాడు, తర్వాత గోదాముల దగ్గర నిలబడ్డాడు, నిలబడి నిలబడి యాభై ఒకటో ఏట ఈ కన్సల్టెన్సీలో నడక మొదలెట్టాడు. కాపలావాళ్ళ కునుకుల గురించి తెలిసిన మనిషి కావాలని వాళ్ళు వెతుకుతున్నారట. అంతకంటే అర్హతలు అతనూ చెప్పుకోలేదు.

చెప్పుకోదగ్గది ఒక్కటుంది. చూసింది రాస్తాడు. రాసింది మార్చడు. ఇన్నేళ్ళలో అతని పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. మూడేళ్ళ కిందట ఒక పెద్ద ఆఫీసరు, ఏడు మీటర్లను తొమ్మిది చేస్తే అందరికీ సుఖం కదా అంటే, "సార్, నా చక్రం టక్కంటాది గాని టక్కరి కాదండి" అన్నాడు. ఆఫీసరుకి తెలుగు రాదు. ఏడు ఏడుగానే మిగిలింది.

నూట నలభై ఒకటి దగ్గర ఫోను మోగింది. కూతురు హేమమాలిని.

"పా, ట్యూస్‌డే క్లినిక్, డోంట్ ఫర్గెట్ ఆ. నిన్న కూడా మెట్లెక్కి ఆగిపోయావు, ఐ సా లా."

"ఆగలేదమ్మా. సూత్తున్నాను."

"వాట్ యూ సూత్తున్నావ్, నథింగ్ దేర్. గోడ మాత్రమే."

"ఆ గోడకి బీట ఉన్నాది."

ఉన్నమాటే. గోడకు బీట ఉంది. ఊళ్ళోని ప్రతి గోడనూ తట్టి చూసిన బంగారయ్య, తన ఎదురొమ్ము తట్టించుకోవడం మాత్రం వారం వారం వాయిదా వేస్తూ వచ్చాడు. ఫోను జేబులో పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి ఫసియుద్దీన్. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రాజెక్టు మేనేజరు, నలభై దాటిన మర్యాదస్తుడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం బంగారయ్య అలవాటు కొద్దీ "మకాన్ అయ్యిందా సార్?" అని అడిగాడు. ఇక్కడ మకాన్ అంటే భోజనం. ఫసియుద్దీన్ ఉర్దూ చెవికి అది ఇల్లులా వినబడి, "ఇంకా లేదు సాబ్, కిరాయికే ఉన్న" అని దిగులుగా జవాబిచ్చాడు. అప్పటి నుంచి ఇద్దరికీ అదే పలకరింపు.

ఇవాళ ఆ పలకరింపు లేదు.

"బంగారయ్య సాబ్, పరేషాన్ అయింది. నిన్న మీరు పంపిన లెక్క కంప్యూటర్ల ఎక్కిస్తే సీదా రెడ్ చూపిస్తున్నది."

"రెడ్డా? స్తంభాలు బానే ఉన్నాయి కద సార్. లారీ కూడా దగ్గరకి రాలేదు."

"లారీ కాదు. కొత్త కాలమ్ ఉన్నది చూడుండ్రి, యజమాని పక్కన లేని వస్తువులని. అండ్ల మీరు అరవై ఒకటి రాసిన్రు. అరవై ఒకటి అంటే ఏంది సాబ్? బాజార్‌ల అరవై ఒక్క సంచులు దిక్కు లేకుండ పడున్నయా?"

బంగారయ్య లోపలి స్టూళ్ళ వైపు తిరిగి చూశాడు.

"స్తంభాల చుట్టున్న నలభై ఎనిమిది స్టూళ్ళు పీకేసి, జాగా ఖాళీ చెయ్యమని సిఫారసు వచ్చింది. రిపోర్టు ఐదు గంటలకు పోవాలె. పోయినంక నా చేతుల ఏం లేదు. సుధాకరరావును పంపిస్తున్న, ఆ ప్రోగ్రామ్ రాసింది ఆయనే. మీరిద్దరు కూసోని చూడుండ్రి."

చక్రం నూట నలభై ఒకటి మీదే ఆగి ఉంది. జరిగిందేమిటో బంగారయ్యకు అర్థమైంది. అర్థం కావడానికి అందులో కష్టమేముంది? ఈ ఊళ్ళో మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాడు ముందు తిండి కొనడు, ముందు చోటు పట్టుకుంటాడు. స్టూలు మీద ఒక టిష్యూ ప్యాకెట్టో గొడుగో ఆఫీసు కార్డో పెట్టి, అప్పుడు వెళ్ళి క్యూలో నిలబడతాడు. దీన్ని చోప్ చెయ్యడం అంటారు. ఆ ప్యాకెట్టును ఎవరూ ముట్టుకోరు. ముప్పై ఏళ్ళుగా బంగారయ్యా అలాగే చోప్ చేసి తింటున్నాడు. కాని కొత్త ఫారం మీద ప్రశ్న, వస్తువు ఉందా, పక్కన మనిషి ఉన్నాడా అని. వస్తువుంది. మనిషి లేడు. కళ్ళు చూశాయి, చెయ్యి రాసింది. మధ్యలో ఉన్న బుర్రను ఎవరూ అడగలేదు.

లోపల మూడో స్తంభం పక్క బల్ల దగ్గర వీరమ్మ కూర్చుని ఉంది. డెబ్భై ఆరేళ్ళు, ఒళ్ళో గులాబిరంగు ప్లాస్టిక్ బుట్ట, బుట్ట నిండా టిష్యూ ప్యాకెట్లు. నౌకాస్థావరం క్వార్టర్స్‌లో వాళ్ళ పక్కింటి పిల్ల. బంగారయ్యను చంకనేసుకుని సముద్రపు గట్టు దాకా తిప్పిన మనిషి. చోప్ చేసేవాళ్ళలో సగంమంది ఈమె దగ్గర కొన్న ప్యాకెట్లతోనే చోప్ చేస్తారు. ఆదివారాలు బంగారయ్య ఇంత దూరం రైలెక్కి వచ్చి ఈ బల్ల దగ్గరే దోసె తింటాడు.

"ఏట్రా బంగారం, మొకం అలాగున్నాది? ఆకలా, అజీర్తా?"

చెప్పాడు. దాచడం చేతకాని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

వీరమ్మ కాసేపు బుట్టలోని ప్యాకెట్లను వరసగా సర్దింది. సర్ది ఉన్నవాటినే మళ్ళీ సర్దింది.

"నా స్టూలూ పీకేత్తారా?"

"నలభై ఎనిమిదీ అంట."

"నానేటి బాంబునా? పేలితే నోరొకటే పేల్తాది." నవ్వబోయి ఆగింది. "నా మోకాళ్ళ సంగతి నీకు తెల్సు కదరా. నిలబడలేను. నిలబడి అమ్మితే అడుక్కున్నట్టుంటాది, కూకుని అమ్మితే యాపారం. ఇక్కడ కూకోకపోతే ఆరో అంతస్తులో ఆ నాలుగు గోడలూ నానూ."

"నాను రాసిందే అక్కా. నా సేత్తోనే."

"మరి నీ సేత్తోనే కొట్టెయ్యి."

అంతే చెప్పింది. అదే అతను చెయ్యలేనిది. చేత్తో కొట్టెయ్యడం అక్షరాలా ఒక్క గీత పని. ఆ గీత గీస్తే, మూడువందల పన్నెండు కట్టడాల లెక్కలూ లేచి నిలబడి, 'మరి మమ్మల్నో?' అని అడుగుతాయి. గియ్యకపోతే, వీరమ్మ లేచి నిలబడాలి. బంగారయ్య స్తంభానికి ఆనుకున్నాడు. ఎదురొమ్ములో ఏదో చిన్న చక్రం అడుగు తప్పి టక్కుమంది.

"రెండోసారి సూత్తాను. కొట్టివేత కాదు, కొత్త లెక్క" అన్నాడు చివరికి. "నిన్న వస్తువులు సూసేను. ఇయ్యాల మనుసుల్ని సూత్తాను."

అని, అలవాటు ప్రకారం బుట్టలోంచి ఒక ప్యాకెట్టు తీసుకుని, మూల మడిచి, వీరమ్మకు కుడిపక్కనున్న స్టూలు మీద పెట్టి, చక్రం తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

*

పదకొండున్నరకు సుధాకరరావు వచ్చాడు. తెనాలి మనిషి, ముప్పై ఆరేళ్ళు, సింగపూరు వచ్చి రెండు నెలలు. జురాంగ్ వెస్ట్‌లో నలుగురితో కలిసి ఉంటాడు. నలుగురూ సాఫ్ట్‌వేరే, ఆ ఇంట్లో హార్డ్‌గా ఉన్నవి చపాతీలొక్కటే. భుజానికి లాప్‌టాప్ సంచి, నుదుటి మీంచి మెడ దాకా చెమట. రావడం రావడమే, ఒక బల్ల దగ్గర ఖాళీగా కనిపించిన స్టూలు మీద కూలబడి, పక్కనున్న టిష్యూ ప్యాకెట్టు చింపి మొహం తుడుచుకున్నాడు.

రెండో టిష్యూ మెడ దాకా వచ్చేసరికి, పొగలు కక్కే నూడుల్స్ గిన్నెతో ఒక చీనా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఏయ్ మిస్టర్! మై సీట్ లా! మై టిష్యూ ఆల్సో యూ యూజ్ ఆ?"

"సారీ మేడమ్, ఖాళీగా ఉందని..." కంగారులో తెలుగే వచ్చింది. లేచాడు. సంచి జారింది. వాడిన టిష్యూ ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. వాడని టిష్యూలు రెండు చేతులా అందించాడు. ఆవిడ ప్యాకెట్టు వంకా అతని మొహం వంకా చూసి, గిన్నె బల్ల మీద పెట్టి, నవ్వాపుకోలేక అటు తిరిగింది. మూడో స్తంభం దగ్గర వీరమ్మకు ఆపుకోవలసిన పని లేదు. బుట్ట ఎగిరెగిరి పడేలా నవ్వింది.

"ఇలా రా బాబూ. ఇదుగో, కొత్త ప్యాకెట్టు అట్టుకెళ్ళి ఆవిడికిచ్చిరా. ఏ ఊరు మీది? మీ ఊళ్ళో బస్సులో తువ్వాలేత్తే, అది తీసి మొకం తుడుసుకుంటారా?"

సుధాకరరావు ప్యాకెట్టు ఇచ్చి తిరిగొచ్చేసరికి అతని మొహంలో చెమట స్థానంలో వేరే ఏదో ఉంది. "అంకుల్," అన్నాడు బంగారయ్యతో, నెమ్మదిగా, "ఈ అరవై ఒకటీ... అవేనా అండీ?"

"అవే."

"మా ఊళ్ళో తువ్వాలు కిటికీలోంచి వేసేవాళ్ళం. నేనే వేశాను ఎన్నోసార్లు." నుదురు కొట్టుకున్నాడు. "స్పెక్‌లో ఏం రాసుంటే అదే రాశానండీ. వస్తువు ఉంటే ఒకటి, మనిషి లేకపోతే సున్నా."

"నానూ అంతే బాబూ. ఇద్దరం కలిసి ఒకటీ సున్నా అయ్యేం. పద, ఐదు గంటలు కాకముందే సరిసేద్దారి."

పన్నెండయ్యేసరికి జనం వచ్చేశారు. ఇద్దరూ పని పంచుకున్నారు. కనిపించిన ప్రతి వస్తువుకూ బంగారయ్య ఒక నెంబరు చెబుతాడు; సుధాకరరావు టైము కొట్టుకుంటాడు; యజమాని వచ్చి కూర్చోగానే మళ్ళీ కొడతాడు. నాలుగో నెంబరు, కుందేలు బొమ్మ ప్యాకెట్టు: ఆరు నిమిషాలు. తొమ్మిది, తాళాల గుత్తి: మూడు. పన్నెండు, చుక్కల గొడుగు: ఎనిమిది. ఇరవై, నీలం పెన్ను, ఒంటరిది, మూత కూడా లేదు: ఐదు. సెలయేట్లో ఆకుల మీదికి తూనీగలు దిగినట్టు మనుషులు వచ్చి ఎవరి వస్తువు మీదికి వాళ్ళు దిగుతున్నారు. తప్పు ఆకు మీద ఒక్క తూనీగా వాలలేదు. ఖాళీ స్టూలు దగ్గర ఎవరైనా సందేహంగా ఆగితే, పక్కవాళ్ళు తలెత్తకుండానే "గాట్ పీపుల్" అంటారు. మనిషి ఉన్నారు అని. వాళ్ళెవరో వీళ్ళకు తెలియదు. అయినా ఉన్నారని సాక్ష్యం చెబుతారు.

సూపు గిన్నెల ఆవిరి, ఫ్యాన్ల గాలి, మూడు భాషల గోల కలిసి హాలంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. బంగారయ్యకు నడుస్తున్నది తానో నేలో తెలియడం లేదు. ఎప్పటిదో ఓడల యార్డు క్యాంటీన్ కళ్ళ ముందుకొచ్చింది. బల్ల మీద ఒక తెల్లటి చేతిరుమాలు, మూల మడిచి ఉంది. పెట్టినమ్మాయి క్యూలోకి వెళ్ళింది. అప్పటికి ఇరవై ఆరేళ్ళ బంగారయ్య, ఎవరూ చెప్పకుండానే, ఆ రుమాలు పక్కన నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరినీ చేత్తో పక్కకు పంపాడు. ఆ అమ్మాయి పళ్ళెంతో తిరిగొచ్చి, "ఇది మీ సీటా?" అని అడిగింది. "కాదండి, మీదే. నాను జాగా" అన్నాడు. సుభద్ర నవ్వింది. అతని జీవితంలో ఒక శ్లేషకు మొదటిసారి నవ్విన మనిషి ఆమె. ముప్పై ఏళ్ళు నవ్వి, ఆరేళ్ళ కిందట ఆపేసింది.

"అంకుల్!" సుధాకరరావు పిలుస్తున్నాడు. "యాభై ఎనిమిది వస్తువులు. యాభై ఏడింటికి మనుషులొచ్చారు. మహా అయితే పదకొండు నిమిషాలండీ, అంతకంటే ఎవరూ ఆగలేదు. ఇది చూపిస్తే ఎర్రది పచ్చ అయిపోతుంది." గొంతులో ఉత్సాహం ఆగడం లేదు. "ఒక్కటే మిగిలింది. పదిహేడో నెంబరు. మూడో స్తంభం, మామ్మగారి కుడిపక్క స్టూలు. నలభై రెండు నిమిషాలైంది. ఎవరూ రాలేదు."

బంగారయ్య చక్రం వంక చూశాడు. పదిహేడని తనే చెప్పాడు. చూసింది చెప్పాలి కదా.

వీరమ్మే అంది: "అది మా మరదలిది బాబూ."

"అమ్మయ్య. ఎప్పుడొస్తారండీ?"

"రాదు."

సుధాకరరావు వేలు మీట మీదే ఉండిపోయింది. బంగారయ్య వైపు చూశాడు, స్టూలు వైపు చూశాడు, మళ్ళీ వీరమ్మ వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది.

"ఆదివారం ఆదివారం పెడతాడు," అంది వీరమ్మ తనలో తను చెప్పుకుంటున్నట్టు. "నానే ఇత్తాను ప్యాకెట్టు. ఇద్దరం దోసె తిని, ఎల్లేటప్పుడు తీసుకెళ్ళిపోతాడు."

సుధాకరరావు లాప్‌టాప్ మీదికి వంగాడు. "తీసేస్తానండీ. పదిహేడును లిస్టులోంచి డిలీట్ చేస్తే ఎవరికీ తెలీదు. ఒక్కటి మిగిలినా ఇది పచ్చ చూపించదు, నారింజరంగు దగ్గరే ఆగిపోతుంది. అలా రాశాను, నా ఖర్మ."

"వద్దు" అన్నాడు బంగారయ్య.

"అంకుల్, మామ్మగారి స్టూలు..."

"వద్దు బాబూ. ఉన్నదాన్ని లేదని రాయకు."

చక్రాన్ని స్తంభానికి చేరవేశాడు. నాలుగడుగులు. ఆ నాలుగడుగులు నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది. కుడిపక్క స్టూలు దగ్గర ఆగి, టిష్యూ ప్యాకెట్టు తీసి, అరచేతిలో ఒకసారి చూసుకుని, ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి. స్టూలు చల్లగా ఉంది. అక్కడ నుంచి చూస్తే హాలు వేరేలా ఉంది. తను ఆదివారాలు కూర్చునే చోటు ఎదురుగా, ఖాళీగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు కనబడుతోంది. సుభద్రకు తను ఇలా కనబడేవాడన్నమాట.

"మనిసొచ్చేడు," అన్నాడు. "టైము రాసుకో."

సుధాకరరావు మీట నొక్కాడు. నలభై ఏడు నిమిషాలు. కళ్ళజోడు తీసి తుడుచుకోవడానికి టిష్యూ కోసం జేబులో చెయ్యి పెట్టి, వాడేసినదే చేతికొచ్చి, దాంతోనే తుడుచుకున్నాడు.

ఇద్దరూ బల్ల మీదే కొత్త ఫారం పూర్తిచేశారు. నిన్నటి అరవై ఒకటిని బంగారయ్య కొట్టెయ్యలేదు. దాని కిందే, ఇంకో వరసలో, తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: యజమాని తిరిగి రాని వస్తువులు, సున్నా. సుధాకరరావు కాలమ్ పేరు మార్చాడు. నాలుగు గంటలకు ఫసియుద్దీన్ ఫోను చేశాడు.

"సాబ్, పచ్చగైంది! స్టూళ్ళు నక్కో పీకుడు. స్తంభాలకు గట్టి తొడుగు వేస్తరు, అంతే. కూసునేటోళ్ళే ఆ జాగాకు కావలి అని నేనే కింద ఒక వాక్యం రాసిన. బాగుందా?"

"బాగుంది సార్. మకాన్ అయ్యిందా?"

"ఇంకా కిరాయికే సాబ్" అని నవ్వి పెట్టేశాడు.

సుధాకరరావు ఆఫీసుకు వెళుతూ, చక్రం తను మోస్తానన్నాడు. బంగారయ్య ఇవ్వలేదు. వీరమ్మ ఒక టీ చెప్పి, అతను తాగేదాకా చూసింది. టీ తాగి లేచి, చేతిలోని ప్యాకెట్టును తను లేచిన స్టూలు మీదే పెట్టాడు. మూల మళ్ళీ మడిచాడు.

"అదేట్రా, అట్టుకెళ్ళవా?"

"ఆదివారం వత్తాను కదా. ఇక్కడే కూకుంటాను ఇకనుంచి."

"ఇయ్యాల సుక్కురారం. ఎల్లుండికి ఇప్పుడే చోపా?"

"నీ స్టూలు కాపాడేను కద. నా స్టూలు నువ్వు సూడు. జాగా జాగా."

"పోరా" అంది వీరమ్మ, నవ్వుతూనే.

*

సెంబవాంగ్ నుంచి పెద్ద రైలు, చువా చు కాంగ్ దగ్గర దిగి చిన్న రైలు. బుకిట్ పంజాంగ్ అంతా ఒక చుట్టు చుట్టి మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చే చిన్న రైలు అది, డ్రైవరుండడు. ఇళ్ళ పక్కగా వెళ్ళేటప్పుడు, లోపలివాళ్ళు బయటి ఇళ్ళల్లోకి తొంగిచూడకుండా, దాని కిటికీ అద్దాలు వాటంతటవే మబ్బుపడతాయి. ఇళ్ళు దాటగానే మళ్ళీ తేటపడతాయి. బంగారయ్యకు ఈ ఊళ్ళోకెల్లా ఇష్టమైన కాపలావాడు ఈ కిటికీయే. చూడకూడనప్పుడు తనే కళ్ళు మూసుకుంటుంది.

మూల సీటు దొరికింది. చక్రాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పిడి మీద గడ్డం ఆన్చాడు. సాయంత్రపు ఎండ బోగీ అంతా తేనెలా పరుచుకుని ఉంది. ఎడమ భుజం బరువుగా ఉంది. సంచి ఏదీ మొయ్యడం లేదు కదా అనుకున్నాడు. తర్వాత అదీ తేలికైంది. దండెం మీద చీరలు, వంటింటి కిటికీలో గరిటెలు, బాల్కనీలో మల్లెకుండీలు వరసగా వచ్చి అద్దం దగ్గర నిలబడ్డాయి. అద్దం మబ్బుపట్టింది. తెల్లగా, మెత్తగా, చేతిరుమాలంత తెల్లగా.

ఇళ్ళు దాటాక అద్దాలు తేటపడ్డాయి. బంగారయ్య చూడలేదు.

అతను దిగవలసిన స్టేషన్ వచ్చి వెళ్ళింది. రైలు ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు మొదలెట్టింది. ఎక్కినవాళ్ళు, అలిసిపోయిన పెద్దాయన నిద్రపోతున్నాడనుకుని గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. మలుపులో బోగీ ఒరిగినప్పుడు చక్రం కాస్త దొర్లింది. టక్. మూడో చుట్టులో ఒక స్కూలు అమ్మాయి అతని భుజం మీద వేలితో తట్టి, "అంకుల్, యూ ఓకే ఆ?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. ఆ తర్వాత లేచి, తలుపు పక్కనున్న అత్యవసర మీట నొక్కింది.

కబురు శనివారం పొద్దున్నే హేమమాలిని స్వయంగా వచ్చి చెప్పింది. వీరమ్మ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. బుట్ట అప్పుడు కింద ఉంది. వెళ్ళేటప్పుడు హేమమాలిని చెయ్యి ఆ స్టూలు మీది ప్యాకెట్టు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు చోటు కోసం బల్లల మధ్య తిరుగుతున్నారు. మూడో స్తంభం దగ్గరకు ఒకడు వచ్చి ఆగాడు. ప్యాకెట్టు చూశాడు.

"ఆంటీ, హియర్ గాట్ పీపుల్?"

వీరమ్మ తలెత్తింది. అబద్ధమాడితే ఊరుకోని మనిషి పక్కనే ఉన్నట్టు ఒక్క క్షణం ఆలోచించింది.

"గాట్ పీపుల్" అంది.

అతను తలూపి ముందుకెళ్ళిపోయాడు. తుడిచే ఆమె గుడ్డతో వచ్చి బల్లంతా తుడిచి, ఆ ఒక్క స్టూలు చుట్టూ గుడ్డ తిప్పి వెళ్ళింది. పైన ఫ్యాను గాలికి, మూల మడిచిన టిష్యూ ప్యాకెట్టు సన్నగా వణుకుతూ, పెట్టిన చోటు నుంచి కదలకుండా ఉంది.